నకాగో తుప్పు: వారసత్వ జపాను సైనిక ఖడ్గాల విలువ నిర్ణయం
1945లో జపాను లొంగిపోయిన తరువాత మిత్రరాజ్యాల సైనికుల వెంట అనేక ఖడ్గాలు వారి ఇళ్లకు చేరాయి. వాటి వారసులు తరచుగా చేసే పొరపాటు తుప్పును తోమివేయడం. అధికారుల ఖడ్గానికి చీల తీసి పిడి ఊడదీస్తే లోపల కనిపించే అలుగు మొదలే నకాగో. కమ్మరి సంతకం, తేదీ ఉంటే దానిమీదే ఉంటాయి. షోవా 17 అంటే 1942. ఆ నల్లని తుప్పు అలుగు వయస్సుకు సాక్ష్యం. దానిని గీకివేస్తే సాక్ష్యంతోపాటు విలువా పోతుంది.

నకాగోపై నక్షత్రముద్ర ఉంటే అది సైన్యం ఆమోదించిన కమ్మరి సంప్రదాయ పద్ధతిలో చేసినదని అర్థం. అలుగుపై క్రమసంఖ్య గల 1935 నమూనా యంత్రనిర్మితం. అయితే సైనిక పిడిని చూసి తీర్పు చెప్పరాదు. కొందరు అధికారులు తమ వంశపు పాత అలుగుకే దానిని తొడిగించుకున్నారు. లోపలిది శతాబ్దాల నాటిది కావచ్చు. సంతకాన్నీ వెంటనే నమ్మలేము. ప్రసిద్ధ కమ్మరుల పేర్లతో నకిలీ సంతకాలు పూర్వంనుంచీ ఉన్నవే. అందువల్ల సంతకాన్ని అలుగు పనితనంతో సరిపోల్చి చూడాలి.