గుండెకు మంచిదంటే... గ్లాసు పక్కన పెట్టాను!

మొన్న ఆదివారం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి అమ్మాయి పెళ్లిరోజు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరే. ఆఫీసు పనిమీద ఏ దేశం వెళ్లినా ఒక సీసా తెచ్చి దాచుకోవడం వాళ్ల సరదా. ఆరోజు వాటన్నిటినీ బల్లమీద బారుగా పేర్చారు. ఎర్రవి నాలుగు, తెల్లవి మూడు. మన దగ్గర ఏ వీధి చివర చూసినా ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది గానీ, అక్కడ అమ్ముడుపోయేది ఎక్కువగా బీరూ, విస్కీయే. అసలు వైన్‌ని నేనంత దగ్గరగా చూడటం అదే మొదలు.

‘‘ఆంటీ, ఇది ఉట్టి ద్రాక్షరసమే. పైగా ఎర్రది గుండెకు మంచిది. మీకు బీపీ కదా, ఒక్క గ్లాసు తాగండి’’ అంది చనువుగా. మొహమాటానికి గ్లాసు చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంతలో మా అక్క గుర్తొచ్చింది. ఆరేళ్ల క్రితం తనకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. గ్లాసు పక్కన పెట్టి, ‘‘ముందు వీటి కథేంటో చెప్పమ్మా’’ అన్నాను.

రంగంతా తొక్కలోనే

నల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే ఎర్ర వైన్. పిండి, తొక్కలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైన్. అందుకే నల్లద్రాక్షతోనూ తెల్ల వైన్ చేయొచ్చట! తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్ల వల్లే ఎర్ర వైన్ వగరుగా ఉంటుంది, టీ మరీ మరిగిపోయినప్పుడు నాలుక పట్టేసినట్టు.

ఎర్రవాటిలో ఫ్రాన్స్ బోర్డో సీసా కాబర్నే సోవియోన్, మెర్లో ద్రాక్షల కలయిక. స్పెయిన్ రియోహాలో టెంప్రనియో, ఇటలీ కియాంటీలో సాంజోవేసే రకం ముఖ్యం. అర్జెంటీనా మెండోజాలో మాల్బెక్. దాని పుట్టిల్లు ఫ్రాన్సే అయినా, పేరు తెచ్చుకున్నది మాత్రం మెట్టినింట్లో! తెల్లవాటిలో జర్మనీ మోజెల్ నది లోయ రీస్లింగ్, న్యూజిలాండ్ మార్ల్‌బరో సోవియోన్ బ్లాంక్, మన నాసిక్ షెనిన్ బ్లాంక్.

తెల్లది చల్లగా ఇస్తారు. ఎర్రది గది వేడిలో ఇవ్వాలంటారు. అయితే అది యూరప్ గది, 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో మన హాలు కాదు!

‘‘హైదరాబాద్ చుట్టూ ఎన్ని ద్రాక్షతోటలుండేవో! అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఎంత బాగుండేవి’’ అన్నాను. ఆ తోటల్లో చాలావరకు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. అయితే అది తినే ద్రాక్ష. కాయ పెద్దది, నీరెక్కువ. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, తీపీ పులుపూ గాఢం.

లెక్క చూస్తే...

ఒక సీసా తిప్పి చూశాను. ఆల్కహాల్ 13 శాతం అని ఉంది. ఎదురింటి అబ్బాయి ఫోన్‌లో లెక్క కట్టాడు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో 10 గ్రాములు. అంటే ‘ఉట్టి ద్రాక్షరసం’ ఒక గ్లాసు తాగితే పెగ్గున్నర విస్కీ తాగినట్టే!

మరి గుండె మాట? ఫ్రెంచివాళ్లు వెన్న, జున్ను అంత తిన్నా గుండెజబ్బులు తక్కువేమిటి, ఎర్ర వైన్ వల్లేనేమో అని 1991లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి చెప్పింది. అక్కణ్నుంచి ఆ మాట ఊరూరా పాకింది. మితంగా తాగేవాళ్లలో చాలామందికి మంచి తిండి, డబ్బు, వైద్యం అందుబాటులో ఉంటాయనీ, ఆ మేలు వాటివల్ల కూడా కావచ్చనీ తర్వాత తేలింది. తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ గ్లాసులోకి దిగేది చాలా కొద్ది.

క్యాన్సర్ కారకాల జాబితాలో మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. కొద్దిపాటి అలవాటు కూడా రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అక్కకు చికిత్స చేసిన డాక్టరమ్మ చెప్పిందీ ఇదే. బీపీకీ అది మేలు చేయదు. ఆడవాళ్ల ఒంట్లో నీటిపాలు తక్కువ కాబట్టి, అంతే తాగినా రక్తంలో ఆల్కహాల్ మనకే ఎక్కువ చేరుతుంది.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. ‘‘నాకు కోపమేం లేదమ్మా’’ అన్నాను. ‘‘అది కాదాంటీ... గుండెకు మంచిదని మా అమ్మ చేత రోజూ ఒక గ్లాసు తాగిస్తున్నాను. రుచి నచ్చదు, నా మాట కాదనలేక కళ్లు మూసుకుని మింగుతుంది’’ అంది. వెంటనే బాల్కనీలోకి వెళ్లి ఫోన్ చేసింది.

సరదాకి తాగాలా, వద్దా అన్నది ఎవరిష్టం వారిది. కాకపోతే మన భాషలో రెండింటికీ ఒకటే మాట... మందు! పేరు ఒకటే కదాని ఒకదాని బదులు ఇంకొకటి పుచ్చుకోకుండా ఉంటే చాలు.