డల్లాస్ (టెలివిజన్ ధారావాహిక)

డల్లాస్ అమెరికాకు చెందిన టెలివిజన్ ధారావాహిక. డేవిడ్ జేకబ్స్ దీని సృష్టికర్త. సీబీఎస్ ఛానల్‌లో 1978 ఏప్రిల్ 2 నుండి 1991 మే 3 వరకు ప్రసారమైంది.

కథ

టెక్సస్ రాష్ట్రంలో చమురు వ్యాపారం, పశుక్షేత్రం గల సంపన్న యూయింగ్ కుటుంబ కలహాలే ఇందలి ఇతివృత్తం. చిన్న కుమారుడు బాబీ, విరోధులైన బార్న్స్ కుటుంబానికి చెందిన పమేలాను వివాహమాడడంతో కథ మొదలవుతుంది. పెద్ద కుమారుడు జె.ఆర్. (లారీ హాగ్మన్) ప్రతినాయకుడైనప్పటికీ ప్రేక్షకులకు ప్రధాన ఆకర్షణ అయ్యాడు.

ప్రాచుర్యం

1980 మార్చి 21 నాటి భాగం జె.ఆర్.పై కాల్పులతో ముగిసింది. నటుల సమ్మె వలన తరువాతి భాగాలు ఆలస్యమై, కాల్చినది అతని మరదలు క్రిస్టిన్ అని నవంబరు 21న గాని వెల్లడి కాలేదు. ఆ భాగాన్ని అమెరికాలో సుమారు 8.3 కోట్ల మంది వీక్షించారు. సీజన్‌ను ఉత్కంఠతో ముగించే పద్ధతి ఆ తరువాత అక్కడి ధారావాహికలలో ఆనవాయితీ అయింది.