నంబరు కలిస్తేనే కోట్లు!

కొత్తలో ‘ఇంత ధరా!’ అని జనం మొహం తిప్పుకున్న కార్లు అవి. షోరూముల్లో పడుండి, కొన్నయితే కంపెనీకే తిరిగెళ్లాయి. ఇప్పుడు వాటిని వెతికి, తుప్పు గీకి, అచ్చం ఆనాటిలా తయారుచేసి వేలంలో పెడితే కోట్లు పలుకుతున్నాయి. అయితే కొనేవాళ్లు ముందు చూసేది రంగూ కాదు, వేగమూ కాదు... ఇంజిన్‌ మీది అంకెలు!

మెట్‌పల్లిలో ఓ పాత ట్రాక్టరో, జీపో చేతులు మారుతోందనుకోండి. పసుపు అమ్మిన డబ్బు జేబులో పెట్టుకొచ్చిన ఆసామి ముందు టైర్లు చూస్తాడు. ఇంజిన్‌ స్టార్ట్‌ చేయించి పొగ రంగు చూస్తాడు. వెంట తెచ్చుకున్న మెకానిక్‌ బాడీని వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్లి ఎక్కడ రేకుందో, ఎక్కడ లప్పం పెట్టారో చెప్పేస్తాడు. బేరం కుదిరాక అసలు పని మొదలవుతుంది. చాసిస్‌ నంబరు మీద సన్నటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతారు. అంకెలు తెల్లగా పైకి తేలతాయి. అవి ఆర్‌సీలో ఉన్నవాటితో కలిస్తేనే బండి కొత్త యజమాని పేరుకు మారేది.

అమెరికాలో అరవై ఏళ్ల నాటి మస్టాంగ్‌నో, కమారోనో అమ్మేటప్పుడూ జరిగేది ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ ఒక్క అంకె తేడా వస్తే పోయేది వేలూ లక్షలూ కాదు, కోట్లు.

ఏమిటా కార్లు?

అమెరికన్లు వాటిని ‘మజిల్‌ కార్లు’ అంటారు. కండలు తిరిగిన కార్లన్నమాట. ఓ మోస్తరు సైజు కారులో పెద్ద కారుకు పెట్టాల్సిన ఇంజిన్‌ బిగించడమే అందులో కిటుకు. 1964లో పాంటియాక్‌ జీటీఓతో ఈ ఊపు మొదలైందని చెబుతారు. తర్వాత షెవర్లె, ఫోర్డ్‌, డాడ్జ్‌, ప్లిమత్‌... అందరూ బరిలోకి దిగారు. పందెం ముదిరి 7 లీటర్ల ఇంజిన్ల దాకా వెళ్లింది. అంటే మన మారుతి 800 ఇంజిన్లు దాదాపు తొమ్మిది కలిపితే ఒకటి! పెట్రోలు ఎంత తాగేదో చెప్పక్కర్లేదు.

ఆ సరదా ఎన్నాళ్లో సాగలేదు. కుర్రాళ్లు ఈ కార్లతో ప్రమాదాలు చేస్తున్నారని బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. 1970లో వాయు కాలుష్యంపై కొత్త చట్టం వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేయడంతో బంకుల ముందు బారులు తీరారు. ఇంకేముంది, పెద్ద ఇంజిన్ల రోజులు ముగిశాయి. గమ్మత్తేమిటంటే గల్ఫ్‌ వెళ్లొచ్చిన మనవాళ్లు దుబాయ్‌ రోడ్ల మీద హోరెత్తించే మస్టాంగ్‌ల గురించి కథలు కథలుగా చెబుతారు. పుట్టినచోట వాటిని చమురు దెబ్బ కొడితే, చమురున్న దేశాల్లో ఇప్పుడు వాటికి అంత మోజు!

పాపం గిబ్‌!

ఇల్లినాయి రాష్ట్రంలో లా హార్ప్‌ అనే ఊరుంది. జనాభా రెండు వేలు కూడా ఉండదు. మెట్‌పల్లి ముందు అదో చిన్న పల్లె. అక్కడ ఫ్రెడ్‌ గిబ్‌ అనే షెవర్లె డీలర్‌ ఉండేవాడు. ఆయనకు డ్రాగ్‌ రేసులంటే ప్రాణం. తిన్నటి రోడ్డు మీద పావు మైలు దూరం ఎవరు ముందు దాటితే వాళ్లే గెలిచినట్టు... అదీ ఆ పందెం. రేసుల్లో మామూలు కార్ల విభాగంలో పోటీ పడాలంటే ఆ రకం కార్లు కనీసం 50 తయారై ఉండాలన్నది నిబంధన. దాంతో కమారోలో 427 క్యూబిక్‌ అంగుళాల ఇంజిన్‌ పెట్టి 50 కార్లు పంపండని గిబ్‌ ఏకంగా కంపెనీకే ఆర్డర్‌ ఇచ్చేశాడు.

నిజానికి ఆ సైజు కార్లలో 400 అంగుళాలకు మించిన ఇంజిన్‌ పెట్టకూడదని జనరల్‌ మోటార్స్‌ తనకు తానే హద్దు గీసుకుంది. కానీ టాక్సీలకూ, పోలీసు బండ్లకూ ప్రత్యేక మార్పులు చేసిపెట్టడానికి ‘కోపో’ అనే ఆర్డర్ల పద్ధతి ఒకటి ఉండేది. ఆ దొడ్డిదారిన 1969 మోడల్‌ జెడ్‌ఎల్‌1 కమారో పుట్టింది. ఇంజిన్‌ దిమ్మ మొత్తం అల్యూమినియంతో పోతపోశారు. రేసుల కోసం చేసిన సరుకది.

కార్లొచ్చాయి. వాటితోపాటే బిల్లూ వచ్చింది. ఒక్క ఇంజిన్‌కే 4 వేల డాలర్ల పైచిలుకు! మామూలు కమారో మూడు వేల లోపే దొరుకుతున్న రోజుల్లో ఈ కారు 7 వేలు దాటిపోయింది. ఆ చిన్న ఊళ్లో కొనేదెవరు? గిబ్‌ అమ్మగలిగింది పదమూడు. మిగతా 37 వెనక్కి తీసుకోండని కంపెనీని బతిమాలాల్సి వచ్చింది. వాటిని వేరే డీలర్లకు సర్దారు. అక్కడా కొన్ని ఏళ్ల తరబడి కదల్లేదు. ఇతర డీలర్లు అడిగినవి కూడా కలుపుకొంటే మొత్తం తయారైనవి 69.

ఎవరూ కొనలేదు కాబట్టే ఎక్కువ తయారవలేదు. ఎక్కువ లేవు కాబట్టే ఇప్పుడు ఒక్కోటీ లక్షల డాలర్లు! 1967 కార్వెట్‌ ఎల్‌88దీ ఇదే కథ. రేసుల కోసం చేసిన ఆ ఇంజిన్‌తో ఆ ఏడాది 20 కార్లే అమ్ముడయ్యాయి. వాటిలో ఒకటి 2014 జనవరిలో బారెట్‌ జాక్సన్‌ వేలంలో 38.5 లక్షల డాలర్లకు పోయింది.

సీటు కింద సాక్ష్యం

ఇంత డబ్బుందంటే దొంగలుండరా? జెడ్‌ఎల్‌1 కమారో చూడ్డానికి మామూలు కమారోలాగే ఉంటుంది. ఫలానా ఇంజిన్‌ అని చెప్పే ప్రత్యేక గుర్తేదీ బయట లేదు. మామూలు కారు కొని, బయట దొరికే ఇంజిన్‌ బిగించి ‘ఇదే అది’ అంటే చూపుతో పట్టుకోవడం కష్టం. అందుకే అంకెల గోల.

1968 నుంచీ అమెరికాలో తయారైన కార్ల ఇంజిన్‌ మీదా, గేరుబాక్సు మీదా కారు సీరియల్‌ నంబరులోని చివరి అంకెలు అచ్చు వేస్తూ వచ్చారు. ఇంజిన్‌ దిమ్మ పోతపోసిన తేదీ కూడా దానిమీదే ఉంటుంది. ఆ తేదీ కారు తయారైన తేదీకి కొంచెం ముందుండాలి. కారు పుట్టాక ఇంజిన్‌ పుట్టిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే! మోసగాళ్లు ఏం చేస్తారంటే, పాత అంకెలు చెక్కేసి కొత్తవి కొడతారు. దాన్ని పట్టుకునే నిపుణులూ ఉన్నారు. ఫ్యాక్టరీలో ఆ చదునుని కోసిన యంత్రం సన్నటి సమాంతర గీతలు వదులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గీతలుండాలి. అవి లేకుండా నున్నగా మెరుస్తోందంటే నంబరు మార్చారన్న అనుమానం మొదలవుతుంది.

ఇంకో సాక్ష్యం సీటు కింద దొరుకుతుంది. ఆ రోజుల్లో ఒక్కో కారుకు ఏమేం బిగించాలో రాసిన కాగితం ఫ్యాక్టరీలో దానితోపాటే నడిచేది. పనయ్యాక కార్మికులు దాన్ని వెనకసీటు స్ప్రింగుల్లోకో, పెట్రోలు ట్యాంకు మీదకో తోసేసేవారు. చెత్త కదా అని. ఇప్పుడు పాత కారు చేతికి రాగానే కొందరు చేసే మొదటి పని సీటు ఊడదీసి ఆ కాగితం కోసం వెతకడం! ఎలకలు కొరికి సగమే మిగిలినా సరే, ఫ్రేము కట్టించి దాచుకుంటారు. 1967 తర్వాతి ఫోర్డ్‌ కార్లకైతే కంపెనీ రికార్డులు చూసి నివేదిక ఇచ్చే కెవిన్‌ మార్టీ అనే ఆయనున్నాడు. ‘మార్టీ రిపోర్టు’ లేకుండా మస్టాంగ్‌ బేరం సాగడం కష్టమే.

ఈ నంబరు మహిమ ఎంతంటే... 1968లో వచ్చిన ‘బుల్లిట్‌’ సినిమాలో హీరో స్టీవ్‌ మెక్వీన్‌ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద ఆకుపచ్చ మస్టాంగ్‌ను ఎగిరించుకుంటూ పోతాడు. ఆ ఛేజింగు పది నిమిషాలకు పైనే. అందుకోసం రెండు కార్లు వాడారు. వాటి నంబర్ల చివరి అంకెలు ఒకదానికి 558, మరోదానికి 559. ఎగరేసి ఎగరేసి 558ను తుక్కు తుక్కు చేశారు. అది పాత ఇనుములో కలిసిపోయిందనే అంతా అనుకున్నారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత మెక్సికోలో ఒకాయన తుప్పుపట్టిన మస్టాంగ్‌ బాడీ కొన్నాడు. మరో సినిమాలోని కారులా మార్చుకుందామని ఆయన ఆలోచన. పని మొదలుపెట్టేముందు ఎందుకైనా మంచిదని నంబరు చూస్తే 558! 2017లో మార్టీయే వెళ్లి పరిశీలించి అదేనని తేల్చాడు. నంబరు చూడకుండా కోసేసి ఉంటే?

రంగు కారినా అలాగే...

పాత కారును కొత్తగా చేయడం మనవాళ్లకు తెలియని విద్యేం కాదు. గల్ఫ్‌ గ్యారేజీల్లో డెంటింగు, పెయింటింగు చేసి చెయ్యి తిరిగినవాళ్లు కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఎందరో. కానీ ఇక్కడ కొత్తగా మెరిపించడం సరిపోదు. అప్పట్లో ఫ్యాక్టరీ ఎలా చేసిందో అలాగే ఉండాలి. 1969లో కార్మికుడు హడావుడిగా రంగు కొడితే అడుగున తుంపర పడిందా? ఇప్పుడూ ఆ తుంపర కొట్టాలి. తనిఖీ చేసినవాళ్లు ఇరుసు మీద సుద్దతో టిక్కు పెట్టారా? ఆ టిక్కూ ఉండాలి. బోల్టు తల మీద కంపెనీ గుర్తు కూడా ఆనాటిదే కావాలి. అతిగా మెరిపిస్తే పోటీల్లో మార్కులు తీసేస్తారు!

దీనికి ఏళ్లు పడుతుంది. డబ్బూ మంచినీళ్లలా ఖర్చవుతుంది. మామూలు పాత కారుకు ఇంత చేయిస్తే పెట్టిన ఖర్చులో సగం రావడమే గగనం. అరుదైన కారయితేనే గిట్టుబాటు. అందుకే తెలివైన అమ్మకందారు మొదటిరోజు నుంచీ ఫొటోలు తీసి పెట్టుకుంటాడు. తుప్పు ఎక్కడుందో, ఏ రేకు మార్చారో దాచకుండా ఆల్బమ్‌లో పెడతాడు. రసీదులన్నీ భద్రం చేస్తాడు. ఊడదీసిన పాత సామాన్లూ పారేయకుండా డబ్బాలో వేసి కారుతోపాటే ఇస్తాడు. మార్చిన భాగాలను దాచిపెట్టి అమ్మితే, తర్వాత బయటపడినప్పుడు కోర్టు మెట్లెక్కాల్సిందే.

అలా పద్ధతిగా బాగుచేసి అమ్మిన కారే 1965 షెల్బీ జీటీ350ఆర్‌. కరోల్‌ షెల్బీ రేసుల కోసం తయారుచేసిన ఈ రకం మస్టాంగ్‌లు మొత్తం 36. వాటిలో మొదటి నమూనా కారును కెన్‌ మైల్స్‌ నడిపాడు. 2019లో వచ్చిన ‘ఫోర్డ్‌ వర్సెస్‌ ఫెరారీ’లో క్రిస్టియన్‌ బేల్‌ వేసింది ఆయన పాత్రే. 1965 ఫిబ్రవరి 14న టెక్సస్‌లోని గ్రీన్‌ వ్యాలీ ట్రాక్‌ మీద నాలుగు చక్రాలూ గాల్లోకి లేచిన క్షణంలో దాన్ని ఫొటో తీశారు. అప్పట్నుంచీ అది ‘ఫ్లయింగ్‌ మస్టాంగ్‌’ అయింది. చాలాకాలం తర్వాత దాన్ని ఆ మొదటి రేసునాటి రూపానికి తెచ్చారు. 2020 జులైలో ఇండియానాపొలిస్‌లో మేకమ్‌ సంస్థ వేలం వేస్తే పాట 35 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కొన్నవాళ్లు ఇచ్చుకునే పది శాతం కమీషన్‌ కలిపితే 38.5 లక్షలు. అప్పటి లెక్కన దాదాపు 29 కోట్ల రూపాయలు!

మరి మన దగ్గర?

మనకు అమెరికా కార్లు కొత్తేం కాదు. మద్రాసు సినిమా రోజుల్లో ఇంటిముందు ఇంపాలా ఉంటే ఆ తార దశ తిరిగినట్టే. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాంల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను ఇప్పటికీ చూడొచ్చు. అది ఇంగ్లండు కారనుకోండి. ఇలాంటి పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్‌ కల్పిస్తూ 2021 జులైలో కేంద్రం నియమాలు తెచ్చింది. తయారై 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారూ, మోటారుసైకిలూ ‘వింటేజ్‌’ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం గుర్తు పక్కన ‘వీఏ’ అక్షరాలుంటాయి. ర్యాలీలకూ, ప్రదర్శనలకూ తిప్పుకోవచ్చు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్తాం, కిరాయికి తిప్పుతాం అంటే కుదరదు. చాసిస్‌, బాడీ, ఇంజిన్లను సమూలంగా మార్చేస్తే ఆ హోదా రాదు. తాతగారి పాత బండి కొట్టంలో ఉన్నవాళ్లు దాన్ని మెకానిక్‌ చేతిలో పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. డీజిల్‌ ఇంజిన్‌ బిగిస్తే ఖర్చు కలిసొస్తుందని మార్చేసిన పాత పెట్రోలు అంబాసిడర్లు మనకు లెక్కలేనన్ని.

అసలు ముట్టుకోకుండా వదిలేసినా విలువ పెరిగిన సందర్భం ఒకటుంది. అది ఇందాకటి మస్టాంగ్‌ల జతలో రెండోది, 559. దాన్ని 1974లో రాబర్ట్‌ కీర్నన్‌ అనే న్యూజెర్సీ వాసి పత్రికలో ప్రకటన చూసి కొన్నాడు. ఆయన భార్య బడిపంతులు. ఆ కారులోనే బడికి వెళ్లి పాఠాలు చెప్పొచ్చేది! 1980లో క్లచ్‌ పోతే పక్కన పెట్టేశారు. తండ్రీకొడుకులు బాగుచేద్దామని మొదలుపెట్టినా తండ్రి అనారోగ్యంతో పని సాగలేదు. ఆయన 2014లో చనిపోయాడు. కొడుకు షాన్‌ దానికి రంగు వేయించలేదు, సొట్టలు తీయించలేదు. నడిచేలా మాత్రం చేసి 2018లో డెట్రాయిట్‌ ఆటో షోలో లోకానికి చూపించాడు. 2020 జనవరి 10న ఫ్లోరిడాలో వేలం వేస్తే కమీషన్‌తో కలిపి 37.4 లక్షల డాలర్లు వచ్చాయి.

కారు కీర్నన్‌ ఇంట్లో ఉండగానే, 1977లో స్టీవ్‌ మెక్వీన్‌ స్వయంగా ఉత్తరం రాశాడు. దాన్ని తనకు అమ్మమనీ, కావాలంటే అలాంటి మస్టాంగ్‌ మరొకటి వెతికిపెడతాననీ. కీర్నన్‌ అమ్మలేదు. ఉత్తరాన్ని మాత్రం జాగ్రత్తగా దాచాడు. వేలంలో అది కూడా కారుతోపాటే కొన్నవాళ్ల చేతికి వెళ్లింది.