మా తరువాత ఎవరు?

ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వచ్చే బస్సులో ఒక తల్లి, ఆమె ప్రక్కన నూనూగు మీసాల కుమారుడు కూర్చుని ఉన్నారనుకొందాము. దారిలో ఏ ఊరి తరువాత ఏ ఊరు వస్తుందో ఆ యువకునికి కంఠోపాఠము. అయినా టికెట్టుకు డబ్బిచ్చేది తల్లియే. చేయి పట్టి దింపేది తల్లియే. ఆమె మనసులో మెదలే ప్రశ్న ఒక్కటే: "మేమున్నన్ని దినాలు చూసుకుంటం, మా తరువాత ఎవరు చూస్తరు?" ఈ ప్రశ్నను గూర్చియే మేము నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

ఆటిజము, అనగా స్వలీనత, అంటురోగము కాదు, దిష్టి కాదు, తల్లి పెంపకములోని లోపమూ కాదు. అది మెదడు ఎదుగుదలలోని ఒక భేదము. ఎదుటివారి మాటలోని అంతరార్థమును గ్రహించుట వీరిలో పలువురికి కష్టము. పెద్ద చప్పుడు, ఆకస్మికమైన మార్పు వీరిని కలవరపెడతాయి. ఏదో ఒక విషయముపై మాత్రము అపారమైన ఆసక్తి ఉంటుంది. ఇది బాల్యముతో తీరిపోయేది కాదు. మన ఏర్పాట్లు మాత్రము చాలవరకు బాల్యముతోనే ఆగిపోతున్నవి. భవిత కేంద్రాలు బడి యీడు పిల్లలకు ఉద్దేశించినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఉచిత విద్యకు పెట్టిన హద్దు 18 ఏండ్లు. ఆ పైన ఇల్లే బడి, అమ్మయే గురువు.

ఆ బడిలో ఏమి నేర్పవలెను? దీనికి ఒక రైతు దంపతులు చక్కని దారి చూపినారు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ ప్రకటించిన వ్యాసములో 11 మంది పిల్లల వృత్తాంతము ఉన్నది. వారిలో మొదటివాడు మిసిసిపి రాష్ట్రములోని ఫారెస్ట్ పట్టణపు బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. అతనిని కొంతకాలము ఒక పల్లెలో రైతు దంపతుల వద్ద ఉంచినారు. కొలతలంటే అతనికి అమితమైన ఇష్టము గనుక, బావి త్రవ్వి లోతు కొలిచి చెప్పమన్నారు. మక్కచేని సాళ్లను మాటిమాటికీ లెక్కించేవాడు గనుక, లెక్కిస్తూనే దున్నమన్నారు. అలవాటును మాన్పలేదు, పనికి జతచేసినారు. పెద్దవాడై అతడు బ్యాంకులో పనిచేసినాడు, కారు నడిపినాడు, దేశాలు తిరిగినాడు; 2023లో 89వ యేట కన్నుమూసినాడు. అతని కుటుంబము కలిగినదే. అయితే ఊరివారు అతనిని తమవానిగా చూచుకొనుట డబ్బుతో కొన్నది కాదు.

మక్కచేలు మనకు క్రొత్తవి కావు; కామారెడ్డి బెల్లపు వ్యాపారము క్రొత్తది కాదు. లెక్క తప్పని వానికి తూకము చూచుట, సరకులు వరుసగా పేర్చుట, చిట్టా వ్రాయుట అప్పగించి చూడవచ్చును. ఏ పనినైనా చిన్న మెట్లుగా విడదీసి నేర్పవలెను. బస్సు ప్రయాణమునే తీసుకొందాము. కొన్నాళ్లు తల్లి ప్రక్కనే కూర్చుని, టికెట్టు డబ్బు మాత్రము కుమారుని చేత ఇప్పించవలెను. తరువాత ఆమె వెనుక సీటుకు మారవలెను. అటుపిమ్మట ఆమె ఎక్కిస్తే, దిగేచోట తండ్రి ఎదురుచూడవలెను. బస్సు రాకుంటే ఏమి చేయవలెనో బొమ్మలతో ముందే చెప్పి ఉంచవలెను. అందరూ ఒంటరిగా ప్రయాణించే దశకు రాకపోవచ్చును. ఎక్కిన ప్రతి మెట్టూ లాభమే. పదునాలుగవ యేటనే ఆరంభించుట మేలు. అయితే "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత ఇక్కడ చెల్లదు. ముప్పదవ యేట కూడ నేర్వగలరు.

చట్టము చేసిన సాయము కొంత ఉన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద, 18 ఏండ్లు నిండిన వారికి సంరక్షకుని నియమింపుమని జిల్లాలోని స్థానిక సంఘమునకు దరఖాస్తు చేయవచ్చును. 2016లో కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయినందున ఈ ప్రాంతమువారికి నిజామాబాదు ప్రయాణము తప్పినది. అదే సంవత్సరపు హక్కుల చట్టము, పరిమిత సంరక్షకుడు ఆ వ్యక్తితో కలిసి నిర్ణయము చేయవలెనన్నది. అనగా, ఏమి కావలెనో ముందు అతనినే అడుగవలెను.

తల్లి ప్రశ్నకు ఒక్క మనిషి పేరు జవాబు కాజాలదు. కండక్టరు, కిరాణా దుకాణదారు, ప్రక్కింటి చిన్నాయన, వీరందరూ కొంతకొంత కావలెను. రేపు బస్సులో అట్టి యువకుడు చిల్లర లెక్కించుటలో ఆలస్యము చేసిన, శ్రోతలు తల్లి వైపు చూడక, అతని కొరకు ఒక్క నిమిషము ఆగవలెనని మా మనవి.