సందర్భమెరిగిన పరికరాలు

బాలలారా! మీ ఇంటికి చుట్టం వస్తే అమ్మ ఏమి చేస్తుంది? ఎండన పడి వచ్చిన వారికి మజ్జిగ ఇస్తుంది. వానలో తడిసి వచ్చిన వారికి తువ్వాలు అందిస్తుంది. వారు అడిగే దాకా ఆగదు. చోటును, వేళను, మనిషిని చూచి మెలగడమే సందర్భం తెలియడం. ఈ తెలివి నేడు యంత్రాలకు కూడా కొంతవరకు అబ్బింది.

కంప్యూటర్లు మన పరిసరాలలో కలిసిపోయి, కంట పడకుండానే సాయపడాలని అమెరికా శాస్త్రజ్ఞుడు మార్క్ వైజర్ 1991లో ఒక వ్యాసంలో వ్రాశాడు. బిల్ షిలిట్, మార్విన్ థైమర్ 1994లో ఇటువంటి వాటిని 'సందర్భమెరిగినవి' అన్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. సౌదీ అరేబియాలోని అసీర్ ప్రాంతానికి ముఖ్యపట్టణం అభా. అది సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున, కొండల మీద ఉన్నది. మన ఊరి నుండి ఒక నాన్న అక్కడికి పనికి వెళ్లాడనుకోండి. అతడు విమానం దిగగానే ఫోను అక్కడి టవరు సంకేతాలను అందుకొని, తన గడియారాన్ని రెండున్నర గంటలు వెనుకకు జరుపుకుంటుంది. ఉపగ్రహాల సంకేతాలతో తానున్న చోటును లెక్క కడుతుంది. కొండల దిగువన, సముద్రతీరాన ఉన్న జీజాన్‌లో ఉక్కపోస్తున్నా, అతనికి అభాలోని చలినే తెలుపుతుంది. రాత్రి చేతిగడియారం అతని నాడిని, కదలికను కొలిచి, నిద్రపోయాడని గ్రహించి ఫోనుకు తెలియజేస్తుంది. ఫోను మ్రోగడం మానుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. మనకు ఉదయం 6 గంటలైనప్పుడు అభాలో రాత్రి 3 గంటల 30 నిమిషాలు. ఆ వేళ నాయనమ్మకు జబ్బు చేసి, ఇంటివారు ఫోను చేశారనుకోండి. ఫోనుకు నాన్న నిద్ర తెలుసు. ఇంటిలోని ఆపద తెలియదు. కనుక ఇంటివారి పిలుపు ఏ వేళనైనా మ్రోగేటట్లు నాన్న ముందుగానే అమర్చుకోవాలి.

మరొక మాట. మనం ఎక్కడ ఉన్నామో, ఎప్పుడు నిద్రపోతామో తెలిసిన పరికరం ఆ సంగతులను ఇతరులకు కూడా చేరవేయగలదు. అందుచేత అది అడిగిన ప్రతి అనుమతినీ ఇవ్వరాదు. పనికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి.

పరికరం సందర్భాన్ని గ్రహించవచ్చు. ఏది ముఖ్యమో చెప్పవలసినది మాత్రం మనమే. మీ ఇంటి ఫోనులో రాత్రివేళ ఎవరి పిలుపు మ్రోగుతుందో, ఎవరిది మ్రోగదో ఈరోజే పెద్దలనడిగి తెలుసుకోండి.