మేడమీది పెరడు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దల సామెత. అది చెట్టును నిందించు మాట కాదు. చేతికందెడు వస్తువును చులకన చేసి, దూరపు వస్తువునకై పరుగులిడు మనుష్య స్వభావమును ఎత్తిచూపు మాట. నేడు చెన్నపురియందలి మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి అట్లు చులకన చేయుటకైనను పెరడు లేదు. తాతల నాటి పెంకుటిండ్ల స్థానమున అంతస్తుల మేడలు లేచినవి. కరివేపచెట్టు, నిమ్మచెట్టు, బావిగట్టు ప్రక్కని అరటిపిలక మాటలలో మాత్రమే మిగిలినవి. అయినను మేడకు పైకప్పు కలదు. వసారాకు అంచు కలదు. మెట్ల ప్రక్క మూరెడు చోటు కలదు. దినమునకు నాలుగైదు గంటలు ఎండ సోకు తావు ఏదైనను పెరడు కాగలదు. అట్టి కొద్దిపాటి చోటున, పెద్దగా సొమ్ము వెచ్చింపక, ఇంటికి వలసిన ఆకుకూరలను పండించుకొను విధమును తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇందువలన ఎంత మిగులునని కొందరు అడుగవచ్చును. కట్ట వెల 20 రూపాయలనియు, వారమునకు మూడు కట్టలనియు లెక్కవేసికొనుడు. నాలుగు వారములకు 240 రూపాయలగును. ఇది పెద్ద సొమ్ము కాకపోవచ్చును. కాని అసలు నష్టము వేరొకటి కలదు. ధరలు పెరిగిన వారమున గృహిణి బియ్యము మానదు, పప్పు మానదు. మొట్టమొదట మానునది ఆకుకూరనే. ఎదుగు పిల్లలకు ఇనుమును, విటమిన్ ఎ కు మూలమైన పోషకమును చౌకగా అందించునదియు ఆ ఆకుకూరయే. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరునాటి మిచాంగ్ తుపానులోను మన నగరమున ఎన్నో వీధులు నీట మునిగి, అంగడికి పోవుటయే దుర్లభమయ్యెను. అట్టి దినములలో తొట్టిలోని గుప్పెడు కూర ఇంటికి ఎంత ఆదరువో వేరుగ చెప్పనక్కరలేదు.

తొట్టియు మన్నును

తోటపని యనగానే అంగడికి పోయి రంగుల తొట్లు కొనుట మొదటి పొరపాటు. ఇంటిలో మూల పడియున్న పగిలిన బకెట్టు, నూనెడబ్బా, బియ్యపు సంచి, పాత స్నానపు తొట్టి, ఇవియే చాలును. అడుగున చిటికెనవ్రేలు పట్టునంతటి రంధ్రములు నాలుగైదు ఉండవలెను. నీరు దిగుటకు దారి లేనిచో వేరు కుళ్ళును. ఆకుకూరలకు ఆరేడు అంగుళముల లోతు చాలును. వంగకు, టమాటాకు, మిరపకు అడుగు లోతు వలయును.

మేడమీద పెట్టువారు ఒక జాగ్రత్త వహింపవలెను. తడిసిన మన్ను మిక్కిలి బరువు. తొట్లన్నిటిని కప్పు నడుమ గుంపుగా చేర్పక, క్రింద గోడయో దూలమో ఉన్న తావున, పిట్టగోడ వెంబడి వరుసగా నుంచవలెను. ప్రతి తొట్టి క్రిందను రెండు ఇటుకలు పెట్టినచో నీరు నిలువక కప్పునకు చెమ్మ పట్టదు. అద్దె ఇంటివారు ముందుగా యజమాని అనుమతి పొందుట మర్యాదయు, క్షేమమును.

మట్టి మిశ్రమము సులభము. ఎర్రమన్ను ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు లేక ఇసుక ఒక పాలు. కొబ్బరి పొట్టును రెండు మూడు మారులు నీటిలో నానబెట్టి పిండినచో అందలి ఉప్పు పోవును. ఇక ఎరువు కొనవలసిన పనియే లేదు. చిల్లులు గల పాత కుండలు రెండు సంపాదింపుడు. కూరగాయల తొక్కలు, కాడలు, కడిగిన టీపొడి, నలిపిన గ్రుడ్డుపెంకులు ఒక కుండలో గుప్పెడు వేసినప్పుడెల్ల, దానిపై రెండు గుప్పెళ్ళు ఎండుటాకులో చించిన కాగితమో వేయవలెను. మొదట ఒక గరిటెడు పుల్లమజ్జిగ చిలుకరించినచో మాగుట త్వరపడును. వారమునకు రెండు మారులు కఱ్ఱతో కలియబెట్టి మూతవేయవలెను. ఒక కుండ నిండిన పిదప దానిని కదల్పక రెండవ దానిని మొదలిడవలెను. రెండు మూడు నెలలకు మొదటి కుండలోనిది నల్లనై, తొలకరి మట్టివాసన నిచ్చును. నడుమ దుర్వాసన పుట్టినచో తడి ఎక్కువైనదని అర్థము. మరి రెండు గుప్పెళ్ళ ఎండుటాకు వేసినచో అది పోవును. వండిన అన్నము, నూనె, మాంసము మాత్రము అందు వేయరాదు. ఎలుకలును ఈగలును చేరును.

నీరు

చెన్నపురివారికి నీటి విలువను ఎవరును నేర్పనక్కరలేదు. 2019 జూనులో పూండి, చోళవరము, రెడ్ హిల్స్, చెంబరంబాక్కము అను నాలుగు జలాశయములును దాదాపు ఎండిపోయి, నగరమంతయు నీటిబండ్లకై బిందెలతో ఎదురుచూచినది. 1996లో ఆంధ్రదేశము నుండి కండలేరు మీదుగా కృష్ణాజలము పూండికి చేరుట ఆరంభమైనది. అంత దూరము నుండి తెచ్చుకొను నీటిని ఒకే పనికి వాడి పారబోయుట తగదు.

బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీటిని ఒక బకెట్టులో పట్టి సాయంకాలము మొక్కలకు పోయవలెను. చిన్న కుటుంబమునకు కావలసిన ఐదారు తొట్లకు ఇది చాలవరకు సరిపోవును. సబ్బునీటిని ఆకుకూరలకు పోయరాదు. త్రాగునీటిని శుద్ధిచేయు యంత్రము విడుచు నీటిలో ఉప్పు ఎక్కువగ నుండును. దానిని ఇల్లు తుడుచుటకు వాడుడు, తొట్టికి వద్దు. నీరు పోయుటకు ముందు వ్రేలిని అంగుళము లోతున మట్టిలో గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆనాటికి నీరు అక్కరలేదు. మట్టిపైన ఎండుటాకును గాని కొబ్బరి పీచును గాని పరచినచో ఎండకు తడి త్వరగా ఆరదు. వేసవి సెలవులలో నాలుగు దినములు ఊరికి పోవలసి వచ్చినచో, చిన్న మట్టిముంతను మెడవరకు తొట్టిలో పాతి, నిండ నీరుపోసి మూతపెట్టుడు. ముంత గోడల గుండ నీరు మెల్లమెల్లగా ఊరుచు వేళ్ళను తడుపుచుండును. మెరుగుపూత లేని ముంతయే దీనికి తగును.

ఏ మొక్క, ఎప్పుడు

మొదటి విత్తులు పోపుల పెట్టెలోనే కలవు. మెంతులు, ధనియాలు, ఆవాలు, ఎండుమిరప గింజలు వేయించనివైనచో మొలకెత్తును. పాతవని సందేహము కలిగినచో పది మెంతులను తడిగుడ్డలో మూటకట్టి రెండు మూడు దినములు ఉంచి చూడుడు. పదింట ఏడు మొలచినచో విత్తదగినవి. మూడే మొలచినచో వాటిని పోపునకే వాడుకొనుడు.

మెంతికూర మూడు నాలుగు వారములకును, తోటకూర సుమారు నెలకును కోతకు వచ్చును. తోటకూర విత్తులు మిక్కిలి సన్నము కావున పిడికెడు ఇసుకతో కలిపి చల్లవలెను. లేనిచో ఒకేచోట గుంపుగా మొలచును. ధనియాలను చేతితో నలిపి రెండు బద్దలుగా చేసి చల్లవలెను. మొలచుటకు వారము పది దినములు, ఒకప్పుడు అంతకు మించియు పట్టును. కావున మొలకెత్తలేదని తొందరపడి తొట్టి త్రవ్వరాదు. పుదీన, బచ్చలి, పొన్నగంటి, వీనికి విత్తుతో పనిలేదు. అంగడినుండి తెచ్చిన కట్టలో గట్టికాడ నొకదానిని గ్రుచ్చినచో వేరుపట్టును. గోంగూరను ఒకమారు విత్తి, మొదలంట పెరుకక చివురులు త్రుంచుచుండినచో ప్రక్కకొమ్మలు వేయుచు పలుమారులు కూర నిచ్చును. కరివేప మొదటి రెండేండ్లు మెల్లగా పెరుగును, ఓర్పు వలయును.

మన నగరమునకు పెద్ద వర్షములు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. ఆ నెలలలో సన్నని విత్తులు కొట్టుకొనిపోవును గనుక తొట్టిని చూరు క్రింద ఉంచి చల్లవలెను. డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు కొత్తిమీరకు, మెంతికి, టమాటాకు అనుకూలమైన కాలము. రోహిణీ కార్తె ఎండలలో కొత్తిమీర నిలువదు. తోటకూర, బచ్చలి, గోంగూర తట్టుకొనును. ఒకే దినమున విత్తులన్నియు చల్లక, పది దినములకొక తొట్టి చొప్పున విత్తినచో కూర తెగకుండ వచ్చుచుండును.

చీడయు, దోమయు

ఆకు అడుగున పేనుబంక గాని తెల్లని పిండినల్లి గాని కనుపించినచో, లీటరు నీటికి చిన్నచెంచాడు వేపనూనెయు, అది నీటిలో కలియుటకు కొంచెము కుంకుడు రసమును చేర్చి, ప్రొద్దుగ్రుంకు వేళ ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. అటుపిమ్మట కొన్ని దినములు ఆగి, బాగుగా కడిగిన పిదపనే ఆ కూరను వండవలెను. చీడ కొద్దిగానున్నప్పుడు తడిగుడ్డతో తుడిచినను చాలును.

దోమ విషయమున అశ్రద్ధ పనికిరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురికినీటి కంటె నిలిచియున్న తేటనీటినే ఎక్కువగా కోరును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. కావున తొట్ల క్రింది పళ్ళెములను, మూలలనున్న ఖాళీ డబ్బాలను వారమునకొకమారు తప్పక బోర్లించవలెను. పాతిన ముంతలపై మూత తప్పక ఉండవలెను. ఈ చిన్నపని మరచినచో కూరలో మిగిలిన సొమ్ము వైద్యశాలకు పోవును.

పెరటి నుండి వంటింటికి

కోసిన కరివేపాకు మిగిలినచో నీడను ఆరబెట్టి పొడిగొట్టి నిలువయుంచుడు. ఎండిన వేపాకును పప్పుడబ్బాలలో వేసిన పురుగు త్వరగా చేరదు; అంతకుముందు పప్పును ఒకపూట ఎండబెట్టుట మేలు. పిండిన నిమ్మతొక్కలు, పులుసు తీసిన చింతపండు పిప్పి పారవేయక, కొంచెము ఉప్పు చేర్చి ఇత్తడి, రాగి పాత్రలను తోమినచో అవి తళతళలాడును. పప్పును అరగంట నానబెట్టి, మూతపెట్టి ఉడికించినచో వంటవాయువు కలిసివచ్చును. ఆకుకూర పప్పుపై తినుబోవుముందు నిమ్మరసము పిండుకొనినచో కూరలోని ఇనుము శరీరమునకు మరింతగా పట్టును. తెలగపిండి వంటి ఎరువులెన్నో ఉన్నను, పైని చెప్పిన కుండ ఎరువే తొలుత చాలును.

పిల్లల వంతు

ఈ వ్యాసమును మన పాఠశాల పత్రికలో వ్రాయుటకు కారణము పొదుపు ఒక్కటియే కాదు. మన పిల్లలు అంగడిలో తమిళమును, వీధిలో తమిళమును, ఇంగ్లీషును విందురు. ఇంటిలోని తెలుగు "లే, తిను, చదువు, పడుకో" అను నాలుగు మాటలకు కుదించుకొనిపోవుచున్నది. అట్టి పిల్లవాడు పాఠమున "పిందె" అను మాట చూచి అర్థ మడుగును. "లేతకాయ" అని నిఘంటువు చెప్పును. అతడు వ్రాసికొని పరీక్షానంతరము మరచిపోవును. తాను నీరుపోసిన వంగమొక్కపై పూవు వాడి, వ్రేలికొనయంత కాయ తొంగిచూచిన నాడు తల్లి "అదిగో పిందె" అనినచో ఆ మాట వానిని విడువదు. విత్తు, మొలక, నారు, చిగురు, తీగ, మొగ్గ, తొడిమ, ఈనె, వీనిని చెప్పుటకు పాఠశాలకంటె తొట్టియే మంచి చోటు.

తోటకూరను తమిళమున తండుకీరై యనియు, గోంగూరను పుళిచ్చకీరై యనియు, మునగాకును మురుంగైకీరై యనియు అందురు. బిడ్డకు రెండు పేర్లును నేర్పుడు. రెండును తెలిసినవానికి లాభమే కాని నష్టము లేదు. ఇంటి పేరు మరచి వీధి పేరే మిగిలినవానికే నష్టము.

కావున తొట్ల పనిలో ఒక వంతు పిల్లలకు విడువుడు. విత్తిన తేది, మొలచిన తేది, కోసిన తేది ఒక పుస్తకమున తెలుగున వ్రాయింపుడు. ఎన్ని విత్తులు చల్లగా ఎన్ని మొలచినవో లెక్కింపజేయుడు. తొట్టికొక చీటి కట్టి దానిపై మొక్క పేరును వానిచేతనే వ్రాయింపుడు. అక్షరదోషము కనుపించినను గద్దింపక, మరునాడు సరియైన రూపమును ప్రక్కన వ్రాసిచూపుడు.

తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటి. జూను మాసమున పాఠశాల తెరచు నాటికి ప్రతి ఇంటినుండి ఒక్క రకము విత్తులను చిన్న కాగితపు పొట్లములో కట్టి, పైన తెలుగున పేరు వ్రాసి, పిల్లలచేత పంపుడు. ఒకరింటి గోంగూర మరియొకరింటి బచ్చలితో మార్పిడి యగును. కొనవలసినది ఏమియు లేదు. ఈ వేసవిలో ఒక్క తొట్టెడు తోటకూరను ముదరనిచ్చి, దాని కంకిని ఎండబెట్టి దులిపినచో ఆ పొట్లము సిద్ధమగును.