మూల చెక్కితే చాంఫర్, గుండ్రం చేస్తే ఫిల్లెట్: క్యాడ్ నేర్చుకునే పిల్లలు తికమకపడేది ఇక్కడే

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మహల్లాల్లో వెల్డర్‌గానో, ఫిట్టర్‌గానో గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఇప్పుడు వాళ్ల ఇళ్లల్లో పిల్లలు ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో క్యాడ్ నేర్చుకుంటున్నారు. గీతలు గీయడం తొందరగానే వస్తది. మూలల దగ్గరికి వచ్చేసరికి తికమక మొదలవుతది.

కోసిన ఇనుప ప్లేటు అంచు కత్తిలాగా ఉంటుంది. చెయ్యి తెగుతది, ఆ అంచు మీద పెయింట్ నిలవదు, ఒక భాగం ఇంకోదాంట్లో సాఫీగా దూరదు. అందుకే దుకాణంలో ఉస్తాద్ గ్రైండర్ పట్టి మూల కొడతాడు. కంప్యూటర్‌లో అదే పని రెండు రకాలు. మూలను ఏటవాలుగా కోస్తే చాంఫర్, గుండ్రంగా తిప్పితే ఫిల్లెట్. ఆటోక్యాడ్‌లో కమాండ్ల పేర్లు కూడా ఇవే. చాంఫర్‌కు దూరం ఇవ్వాలి, ఫిల్లెట్‌కు రేడియస్. రెక్టాంగిల్ కమాండ్‌తో గీసిన బొమ్మ అయితే పాలీలైన్ ఆప్షన్‌తో నాలుగు మూలలూ ఒకేసారి అయిపోతాయి.

అసలు నష్టం జరిగేది అంకె దగ్గర. ‘5 మి.మీ. చాంఫర్’ అని ఇస్తే మూల నుంచి రెండు పక్కలా 5 మి.మీ. చొప్పున పోతుంది. అప్పుడు 45 డిగ్రీల ఏటవాలు వెడల్పు 5 కాదు, సుమారు 7.07 మి.మీ. వస్తుంది (5ను 1.414తో గుణించాలి). ఇది తెలియక ఏటవాలు మీదనే 5 వచ్చేదాకా కొట్టి ఆపేస్తే, పక్కలకు పోయేది మూడున్నర మి.మీ. మాత్రమే. ఆ ప్లేటు జోడీలో కూర్చోదు. ఇనుము ఖర్చు, కూలి రెండూ పోయినట్టే. డ్రాయింగ్ మీద ‘5×45°’ అని రాస్తే గొడవ ఉండదు. కోణం 45 కాకపోతే ఏ పక్కకు ఎంతో విడిగా చూపించాలి.

మందపాటి ప్లేట్లు అతికేటప్పుడు ఈ ఏటవాలునే బెవెల్ అంటారు. సాధారణంగా రెండు ప్లేట్లకూ చెరో 30 డిగ్రీలు కొడతారు. మధ్యలో 60 డిగ్రీల ‘వీ’ గాడి పడి లోహం అడుగుదాకా దిగుతది. బెవెల్ లేకుంటే పైకి వెల్డు బాగానే కనిపిస్తది, లోపల అతుకే ఉండదు. వెల్డర్ టెస్టులో ముక్కను వంచినప్పుడో, ఎక్స్‌రే తీసినప్పుడో అది బయటపడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. వెల్డర్ భాషలో ఫిల్లెట్ అంటే లంబంగా నిలిపిన రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే వెల్డు. క్యాడ్‌లో ఫిల్లెట్ అంటే గుండ్రం మూల. అబ్బా ఒకటి చెప్తే కొడుకు ఇంకోటి గీయడంలో వింతేం లేదు.

లోపలి మూలల సంగతి మళ్లీ వేరు. సీఎన్‌సీ మిల్లింగ్‌లో కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి 10 మి.మీ. కట్టర్‌తో గాడి తీస్తే మూలలో కనీసం 5 మి.మీ. రేడియస్ మిగులుతుంది. డ్రాయింగ్‌లో అక్కడ పదునైన మూల చూపిస్తే ఆ కట్టర్‌తో మిషన్ మీద అది రాదు.

సాధన చేయాలంటే ఫ్రీక్యాడ్ ఉచితంగానే దొరుకుతుంది. ఒక డబ్బా గీసి, చాంఫర్ కొలతను కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఒకచోట ఎర్రర్ వస్తుంది. కోయడానికి పక్క ముఖంలో ఇక చోటు మిగల్లేదని దాని అర్థం.